ఇంజన్ పనిలో చేరిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

చెన్నైలో పెట్రోల్ ఇంజన్ కాలిబ్రేషన్‌లో, అంటే ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో, ఎప్పుడు నిప్పురవ్వ వెయ్యాలో ఇంజన్ కంప్యూటర్‌కి అంకెలు రాసే పనిలో వేశారని మీ నాన్న చెప్పాడు. ఎలక్ట్రిక్ బళ్ళ కాలంలో ఇదేం ఖర్మ అని గొణుక్కుంటున్నావట. హైబ్రిడ్ బండిలోనూ ఉండేది ఇంజనే కదమ్మా, పని నేర్చుకో.

40 శాతం థర్మల్ ఎఫిషియెన్సీ (పెట్రోలు వేడిలో పనిగా మారే వాటా) అని కంపెనీలు చాటుకునే అంకె చూసి మురిసిపోకు. అది ఇంజన్ వేగాన్నీ లోడునీ బట్టి గీసిన మ్యాప్ మీద ఒక చుక్క. అమీర్‌పేట ట్రాఫిక్‌లో రెండో గేర్లో పాకే బండి ఆ చుక్క దరిదాపులకి కూడా రాదు. అక్కడ గాలి దారిలోని మూత, థ్రాటిల్, దాదాపు మూసుకునే ఉంటుంది, గాలి లాక్కోవడానికే పిస్టన్లు సగం ఆయాసపడతాయి. ఇన్‌టేక్ వాల్వుని ఆలస్యంగా మూసే అట్కిన్సన్ పద్ధతి ఈ నష్టాన్నీ తగ్గిస్తుంది. 1997లో ప్రియస్‌కి టొయోటా అదే వాడి, తగ్గిన టార్క్‌ని (తిప్పే బలాన్ని) ఎలక్ట్రిక్ మోటారుతో పూడ్చుకుంది.

అన్నిటికన్నా ఎక్కువ కాలం నువ్వు గడపాల్సింది పొద్దున్నే చేసే మొదటి స్టార్ట్‌తో. పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ 250, 300 డిగ్రీలకి వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. కాలకుండా బయటపడే హైడ్రోకార్బన్లలో సింహభాగం ఆ కాసేపట్లోనే పోతాయి. అందుకే స్పార్క్‌ని కావాలని వెనక్కి జరిపి, అంటే ఆలస్యంగా వేసి, ఎగ్జాస్ట్‌ని వేడెక్కిస్తాం. కాస్త పెట్రోలు దండగ, తప్పదు. ఎంత వెనక్కి జరిపితే ఐడిల్ వణుకుతోందో స్క్రీన్ చూసి తేల్చకు, స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి చూడు. బండి కొన్నవాడికి తెలిసేది ఆ వణుకే.

మీది పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే ఇంకో తలనొప్పి. చల్లటి పిస్టన్ తల మీద పెట్రోలు తడి నిలిచి మసవుతుంది. మన దేశపు పొగ నిబంధనలు బీఎస్-6 కింద కిలోమీటరుకి 60 వేల కోట్ల మసి కణాలు దాటకూడదు. అంకె చూసి బోలెడు వెసులుబాటు ఉందనుకునేవు, ఏమీ ఉండదు! ఇంజెక్షన్‌ని రెండు మూడు విడతలుగా చేసి చూడు.

2023 ఏప్రిల్ నుంచి పొగని రోడ్డు మీద కూడా కొలుస్తున్నారు. అందుకని టెస్టు సెల్‌లో (ల్యాబ్ గదిలో) నెగ్గడానికే మ్యాప్, అంటే కంప్యూటర్‌కిచ్చే అంకెల పట్టిక, రాసే సీనియర్ల పక్కన ఎక్కువసేపు కూర్చోకు.

తీరిక దొరికితే హోండా వాళ్ళ పాత ఇంజన్ సీవీసీసీ బొమ్మలు చూడు. చిన్న గదిలో చిక్కటి మిశ్రమాన్ని అంటించి, దాని మంటతో పెద్ద గదిలోని పలచటి మిశ్రమాన్ని కాల్చారు. కన్వర్టర్ లేకుండానే అమెరికా 1975 పొగ నిబంధనల పరీక్ష నెగ్గారు. నాకైతే ఇప్పటికీ ముచ్చటే.

ఒకటి మరిచా. లాంబ్డా (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ అంకె) హఠాత్తుగా లీన్, అంటే గాలి ఎక్కువైందని, చూపిస్తే మ్యాప్ మీద పడకు. ముందు సెన్సర్‌కి ఎగువన గాస్కెట్ ఎక్కడైనా లీకవుతోందేమో చూడు. దీపావళికి వచ్చేటప్పుడు కోల్డ్ స్టార్ట్ గ్రాఫులు పట్టుకురా, మీ ఆఫీసు వాళ్ళు ఒప్పుకుంటేనే.

పెదనాన్న