తోట అమ్మి బీటెక్ చదివించాలా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, మార్కులు అంతంత మాత్రం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటానంటున్నాడు. తోటలో మోటారు స్టార్టరు పాడైతే వాడే విప్పి బాగుచేస్తాడు. డిగ్రీ లేకపోతే పిల్లనెవరిస్తారని బంధువులు అంటున్నారు. యాజమాన్య కోటాలో బీటెక్ సీటుకూ హాస్టలుకూ నాలుగేళ్లకు 8 లక్షలు అవుతుందట. మాకున్నది అర ఎకరం కొబ్బరితోట. తిత్లీ తుపానులో పడిపోతే మళ్లీ వేశాం, ఇప్పుడిప్పుడే కాపుకొస్తోంది. అమ్మేయమంటారా?

సమాధానం: తోట అమ్మవద్దు. మిగతా విషయాలు తర్వాత, ముందు ఈ మాట చెప్పేయాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఏమైపోయిందో మీకు నేను చెప్పనక్కరలేదు. పడిపోయిన చెట్టు చోట నాటిన కొబ్బరి మొక్క కాయ పట్టడానికి ఆరేడేళ్లు పడుతుంది. అన్నాళ్లూ నీళ్లు పోసి పెంచింది మీరు. కాపు చేతికొచ్చే వేళకు వేరేవాళ్లకు అప్పగిస్తారా?

బీటెక్ విలువ తక్కువని నేను అనను. బాగా చదివి మంచి కొలువులో కుదురుకున్న ఇంజినీరు జీతాన్ని ఎలక్ట్రీషియన్ అందుకోవడం కష్టమే. అయితే మనసు లేని చదువులో చేరి, సబ్జెక్టులు మిగుల్చుకుని ఇంటికొచ్చిన పిల్లలను నా బల్ల ముందు చాలామందినే చూశాను. తండ్రి అప్పుల లెక్క చెబుతుంటే ఆ పిల్లలు తల ఎత్తరు. పోనీ తోట ఉంచుకుని 8 లక్షలు బ్యాంకులో 10 శాతం వడ్డీకి తెచ్చి ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 13,280 రూపాయలు కట్టాలి. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. మొదటి ఉద్యోగంలోనే ముప్పై, నలభై వేలు వస్తే తప్ప అది మోయలేని బరువు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించి, అబ్బాయికీ ఇష్టముంటే అప్పుడు సంతోషంగా చేర్పించండి. యాజమాన్య కోటాకు మాత్రం ఈ ధర పెట్టవద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ స్టార్టరు మాట. ఎవరూ నేర్పకుండానే దాన్ని విప్పి బిగించే పిల్లవాడికి ఎలక్ట్రీషియన్ కోర్సు సరైన చోటు. రెండేళ్ల చదువు, ఆపైన అప్రెంటిస్‌గా స్టైపెండు. రైల్వే టెక్నీషియన్, విద్యుత్ పంపిణీ సంస్థల జూనియర్ లైన్‌మన్ వంటి పోస్టులకు ఐటీఐ అర్హత సరిపోతుంది. పైడిభీమవరం ఫార్మా కర్మాగారాల్లోనూ ఎలక్ట్రీషియన్లు లేనిదే పని నడవదు. చదువు దారి కూడా మూసుకుపోదు. బ్రిడ్జి కోర్సు పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో, అక్కడి నుంచి ఈసెట్ ప్రవేశ పరీక్షతో బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు.

ఈ పనిలో కష్టాలూ ఉన్నాయి, దాచను. సొంతంగా చేసుకునేవాడికి పీఎఫ్ ఉండదు, వానాకాలంలో పని తగ్గుతుంది, కరెంటుతో ప్రాణభయం ఎప్పుడూ ఉంటుంది. అందుకే 18 నిండగానే మూడు పనులు చేయించండి. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా: ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా. నెలకు 210 రూపాయలతో అటల్ పెన్షన్: ఆ వయసులో చేరితే 60 దాటాక నెలకు 5,000 వస్తుంది. మొదటి సంపాదనతో ఫోను కొనకముందే మంచి రబ్బరు చేతితొడుగులు కొనిపించండి.

ఇంకొక జాగ్రత్త. కోర్సు పూర్తి కాగానే గల్ఫ్ పంపిస్తామంటూ ఎవరో ఒకరు మీ అరుగు మీద కూర్చుంటారు. వెళ్లడం తప్పు కాదు. ఆ ఏజెంటు పేరు విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. నమోదైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షన్నర అడిగితే లేచి వచ్చేయండి.

ఇక పిల్లనెవరిస్తారన్న మాట. చేతిలో పని, కాపుకొచ్చిన తోట ఉండి, అప్పు లేని ఇంటికి సంబంధాలు రావంటే నేను నమ్మను.

ఐటీఐ సీట్లు పదో తరగతి మార్కులను బట్టి ఇస్తారు, ఆ మెమో తీసి ఉంచండి. ముందు ప్రభుత్వ ఐటీఐకే దరఖాస్తు చేయించండి. ప్రైవేటులో చేర్చవలసి వస్తే అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లి వర్క్‌షాపు చూసి రండి. మోటార్లు పిల్లల చేతుల్లో విప్పి ఉన్నాయో, బీరువాలో దుమ్ము పట్టి ఉన్నాయో మీ అబ్బాయే చెబుతాడు.