బృందానికి విందు, మీ పేరు మీద అప్పు

ప్రశ్న: నా వయసు 34. రెండేళ్లుగా బ్యాంకాక్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. నెలకు 85,000 బాట్ చేతికి వస్తుంది. భార్యాపిల్లలతో ఇంటి ఖర్చులు 52,000, అమ్మానాన్నలకు పంపేది 15,000. పొదుపు ఖాతాలో 40,000 ఉంది. క్రెడిట్ కార్డు మీద 60,000 బాకీ ఉండగా ప్రతి నెలా కనీస మొత్తం కడుతున్నాను. ఇటీవల టీమ్ లీడ్‌గా పదోన్నతి వచ్చింది, నెలాఖరున 24 మందికి మూ క్రథా (బల్ల మీదే పెనంపై మాంసం కాల్చుకుని తినే థాయ్ భోజనం) విందు ఇస్తానని మాటిచ్చాను. ఊరి చివర బొగ్గుల పొయ్యి బఫేలో తలకు 259 బాట్, అపరిమిత పానీయాలకు మరో 39, పన్ను అందులోనే. మాల్‌లో ఒకచోట కొన్ని రకాలు కలిపిన సెట్ల లెక్కన అమ్ముతారు. నది ఒడ్డున ఉన్న ఏసీ రెస్టారెంటులో తలకు 799 ప్లస్ ప్లస్, అందరికీ అదే నచ్చింది. బీరుతో కలిపి 30,000 అవుతుందనుకుంటున్నాను. ఆ మొత్తం లోన్ యాప్‌లో తీసుకోవాలా, కార్డు మీద వేయాలా? ఏ రెస్టారెంటు మంచిది?

జవాబు: మీరు రెస్టారెంటు గురించి అడిగారు కానీ, మీ అంకెలు వేరే ప్రశ్న అడుగుతున్నాయి. నెలకు 52,000 బాట్ ఖర్చున్న కుటుంబానికి 40,000 పొదుపు 23 రోజులకు సరిపోతుంది. పదోన్నతి వచ్చిన వెంటనే జీతం పెరుగుదల కన్నా ముందుగా దర్జా పెరగడం, ఆ దర్జాకు తగిన ఖర్చును అప్పుతో నెట్టుకురావడం విదేశాల్లో పనిచేసే మనవాళ్లలో చాలామంది చేసే పొరపాటు కాబట్టే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా రెస్టారెంటు లెక్క తేల్చుకుందాం. 799 పక్కన ఉన్న రెండు ప్లస్ గుర్తుల్లో ఒకటి 10 శాతం సర్వీస్ ఛార్జీ, రెండోది 7 శాతం వ్యాట్. వ్యాట్‌ను సర్వీస్ ఛార్జీ కలిపిన మొత్తం మీద లెక్కిస్తారు కాబట్టి తలకు 940 బాట్ అవుతుంది. 24 మందికి 19,176 అనుకున్నది పొయ్యి వెలిగించకముందే దాదాపు 22,570కి చేరుతుంది. ఊరి చివరి బఫేలో తలకు 298 చొప్పున మొత్తం 7,152 బాట్. రెండు చోట్లా వడ్డించే పద్ధతి ఒక్కటే. మధ్యలో గుమ్మటంలా ఉబ్బిన పెనం మీద మాంసం కాలుతుంది, చుట్టూ ఉన్న కాలువలాంటి అంచులో పులుసు మరుగుతుంది, కాలిన మాంసం రసం అందులోకి జారి రుచి ఇస్తుంది. నది గాలికీ ఏసీకీ మూడింతల ధర పెట్టడం మీ స్థితిలో సమర్థించుకోలేని ఖర్చు.

అయితే చౌక బఫే అని కళ్లు మూసుకుని బుక్ చేయకండి. తలకు ఇంత అని చెప్పే ధరలో మాంసం, కూరగాయలు, నూడుల్స్ ఉంటాయి గానీ పెద్ద రొయ్యలు తరచుగా వేరే ధర బఫేలో ఉంటాయి. ఐసు బకెట్టుకూ, బయటి నుంచి తెచ్చుకున్న సీసాకూ రుసుము ఉంటుంది. కొన్నిచోట్ల గంటన్నర లేదా రెండు గంటల గడువు పెడతారు. పళ్లెంలో మాంసం మిగిల్చితే జరిమానా వేస్తామని గోడ మీద రాసి ఉంటుంది. ఉత్సాహంగా తెచ్చుకుని వదిలేసే పెద్ద బృందాలకు అది బాగానే తగులుతుంది. నలుగురికి ఒక పెనం చొప్పున ఆరు పెనాలు అడగండి. మీ బృందంలో పంది మాంసం తినని వాళ్లుంటే వాళ్లకు ఒక పెనం కేటాయించమని ముందే చెప్పండి, ఎందుకంటే అలవాటు ప్రకారం పెనం నెత్తిన రాసే కొవ్వు ముక్క కూడా పందిదే. శాకాహారులు ముగ్గురు నలుగురి కంటే ఎక్కువగా ఉంటే మాత్రం మాల్‌లోని సెట్ల పద్ధతి పరిశీలించదగినదే. కూరగాయలు మాత్రమే తినేవారికి పూర్తి బఫే ధర కట్టడం దండగ. 1987 నుంచి నడుస్తున్న బార్ బీ క్యూ ప్లాజా వంటి గొలుసు రెస్టారెంట్లలో ఎవరేం తెప్పించుకున్నారో బిల్లు మీద స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక ఎవరు చెల్లించాలన్న విషయం. థాయ్‌లాండ్‌లో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు తినిపించడం, పుట్టినరోజు ఉన్నవారే అందరికీ ఇవ్వడం మామూలే, మీ మీద ఆ ఒత్తిడి ఉందని నాకు అర్థమైంది. కానీ అదే దేశంలో స్నేహితులు, సహోద్యోగులు బిల్లును తలా ఇంత వేసుకోవడం కూడా అంతే మామూలు. దానికి వాళ్లు అమెరికన్ షేర్ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఫోన్ ద్వారా డబ్బు పంపే థాయ్ పద్ధతి ప్రాంప్ట్‌పే క్యూఆర్ ఒకటి గ్రూపులో పెడితే బల్ల దగ్గర లేవకముందే డబ్బు వచ్చేస్తుంది. మీరు మాటిచ్చేశారు కాబట్టి భోజనం మీరు పెట్టండి, బీరు ఎవరిది వారు కొనుక్కుంటారని ఆహ్వానంలోనే రాయండి. అంతకన్నా ముందు మీ సంస్థలో బృంద విందులకు నిధి ఉందేమో మానవ వనరుల విభాగాన్ని అడగండి, ఇది చాలామంది అడగడమే మరిచిపోతారు.

అప్పు గురించి మీరు రెండే దారులు రాశారు, రెండూ వద్దు. థాయ్‌లాండ్ కేంద్ర బ్యాంకు 2020 ఆగస్టు నుంచి క్రెడిట్ కార్డు వడ్డీకి ఏడాదికి 16 శాతం, తాకట్టు లేని పర్సనల్ లోన్‌కు 25 శాతం గరిష్ఠ పరిమితి విధించింది. పరిమితి ఉందంటే అప్పు చౌకగా ఉందని అర్థం కాదు. 25 శాతం మీద 30,000 బాట్ తీసుకుని ఏడాదిలో సమాన వాయిదాల్లో తీరిస్తే దాదాపు 4,200 వడ్డీ కడతారు. ఆ వడ్డీతో ఊరి చివరి బఫేలో 14 మంది కడుపునిండా తినవచ్చు. ఒక్క సాయంత్రం అరిగిపోయే భోజనానికి పన్నెండు నెలల వాయిదా కట్టాలన్న ఆలోచన మీకు ఎలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు. కార్డు వడ్డీ శాతం తక్కువే అయినా అదీ వద్దు. ఇప్పటికే ఉన్న 60,000 మీద నెలకు 800 బాట్ వడ్డీ పడుతోంది. మీరు కడుతున్న కనీస మొత్తం, అంటే 8 శాతం చొప్పున 4,800లో ఆరో వంతు దానికే పోతోంది. బిల్లు పూర్తిగా కట్టనివారికి వడ్డీ గడువు తేదీ నుంచి కాక ఖర్చు నమోదైన రోజు నుంచే మొదలవుతుంది. ఊళ్లో బంగారం తాకట్టు, స్నేహితుడి దగ్గర చేబదులు వంటివి కూడా విందు కోసమైతే ఇదే కోవలోకి వస్తాయి.

నా అసలు ఆందోళన అత్యవసర నిధి గురించి, దానికి మీ విషయంలో ప్రత్యేక కారణం ఉంది. సొంత దేశంలో ఉద్యోగం పోతే జీతం మాత్రమే పోతుంది. థాయ్‌లాండ్‌లో మీ పని అనుమతి ఆ యజమానికే ముడిపడి ఉంది, మీ బస అనుమతి ఆ ఉద్యోగానికి ముడిపడి ఉంది, కాబట్టి జీతంతో పాటు ఆ దేశంలో ఉండే హక్కు, ఇంటి అద్దె ఒప్పందం, సంస్థ ఇచ్చిన బృంద ఆరోగ్య బీమా అన్నీ ఒకే వారంలో కదిలిపోతాయి. ఏడాది దాటి మూడేళ్లు నిండని ఉద్యోగిని యజమాని తొలగిస్తే 90 రోజుల వేతనం పరిహారంగా ఇవ్వాలని అక్కడి కార్మిక రక్షణ చట్టం చెబుతున్న మాట నిజమే. కానీ మీరే రాజీనామా చేస్తే అది రాదు, వివాదం వస్తే సమయానికి అందదు. ఈ కారణంగా మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 3,12,000 బాట్ నిధి కావాలి. దాన్ని బ్యాంకు పొదుపు ఖాతాలోనే ఉంచండి. డిపాజిట్ రక్షణ ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు 10 లక్షల బాట్ వరకు వర్తిస్తుంది కాబట్టి భద్రత గురించి బెంగ అక్కర్లేదు. పెట్టుబడుల మాట ఆ నిధి నిండాక చూద్దాం.

40,000తో కార్డు బాకీలో కొంత తీర్చేయమని ఎవరైనా సలహా ఇస్తారు. వడ్డీ లెక్క ప్రకారం వాళ్లది సబబే. నేను మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే రేపు విమానం టికెట్లు కొనాల్సి వస్తే మళ్లీ అదే కార్డు గీకుతారు.

ఆరోగ్య బీమా మీద ఒక మాట, అది ఈ విందుకూ సంబంధించినదే. పచ్చి లేదా సరిగా ఉడకని పంది మాంసం ద్వారా సోకే స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే బ్యాక్టీరియా మెదడు పొరల వాపుకూ, శాశ్వత చెవుడుకూ దారితీయగలదు. థాయ్ వ్యాధి నియంత్రణ శాఖ దీనిపై పదే పదే హెచ్చరిస్తుంది. పచ్చి మాంసం పెనం మీద వేసే పట్టకారుతో కాలిన ముక్క తీసుకోకుండా ప్రతి బల్లకూ రెండేసి పట్టకార్లు అడగండి. అలాంటి జబ్బే వస్తే మీ సామాజిక భద్రతా కార్డు మామూలుగా మీరు నమోదు చేసుకున్న ఆసుపత్రిలో పనిచేస్తుంది, పక్కనున్న ప్రైవేటు ఆసుపత్రిలో కాదు. భారతదేశంలో తీసుకున్న ఆరోగ్య పాలసీలు చాలావరకు భారత్‌లో జరిగే చికిత్సకే పరిమితం. సంస్థ బీమాలో మీ భార్యాపిల్లలు ఉన్నారో లేదో ఈ వారమే కాగితం తీసి చూడండి. లేకపోతే బ్యాంకాక్‌లో చెల్లే కుటుంబ పాలసీ తీసుకోవడం విందు కంటే ముందు జరగాల్సిన పని. అమ్మానాన్నలు మీ మీద ఆధారపడి ఉన్నారు కాబట్టి టర్మ్ జీవిత బీమా పాలసీ కూడా ఉండాలి.

ఇప్పుడు నెలవారీ లెక్క. ఖర్చులు, ఊరికి పంపేది పోగా మీ దగ్గర 18,000 మిగలాలి. కార్డుకు 4,800 కట్టాక మిగిలే 13,200 ఎక్కడికి పోతోందో మీ ఉత్తరంలో లేదు. వచ్చే నెల నుంచి జీతం పడిన రోజే 10,000 కార్డుకు, 8,000 అత్యవసర నిధికి మళ్లించండి. కొత్తగా ఏమీ గీకకపోతే బాకీ ఏడు నెలల్లో తీరిపోతుంది, ఆ తరువాత మొత్తం 18,000 నిధికి వెళ్తే మరో ఏడాదిలో అది నిండుతుంది. బీమా ప్రీమియం కట్టాల్సి వస్తే ఈ గడువు కొంచెం సాగుతుంది, సాగనివ్వండి. ఈ నెల మాత్రం మిగిలే డబ్బులోంచి 7,152 తీసి విందు నగదుతో కానిచ్చేయండి. నది ఒడ్డు రెస్టారెంటుకు బయానా ఇచ్చి ఉంటే తిరిగి ఇస్తారేమో ఈరోజే కనుక్కోండి, యాప్‌లో రుణ దరఖాస్తు మొదలుపెట్టి ఉంటే పూర్తి చేయకుండా రద్దు చేయండి.