కోట కట్టను కోయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో చదువుకుంటున్న నువ్వు ఓల్డ్ సేరం మట్టికట్టల మీద సిద్ధాంత వ్యాసం రాయబోతున్నావనీ, ఈ వేసవిలో అలాంటిదే మరో కోట దగ్గర పురావస్తు తవ్వకంలో దిగుతావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో నా తరవాత మట్టిని నమ్ముకున్నదానివి నువ్వొక్కదానివే కనుక సంతోషించాను. కట్టను నిలువునా కోస్తారని విన్నాక మాత్రం ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

బూట్లు, తాపీ, రోజూ రాసుకోవలసిన పుస్తకం గురించి అక్కడివాళ్లే చెబుతారు. నేను చెప్పవలసింది వేరే ఉంది.

సాల్స్‌బరీ ఊరికి ఉత్తరాన ఉన్న ఓల్డ్ సేరం గుట్ట మీద వెలుపలి కట్టను, కందకాన్ని క్రీ.పూ. 400 ప్రాంతంలో ఇనుపయుగపు జనం వేశారు. 1070 ప్రాంతంలో, ఫ్రాన్సు నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్లు ఆ పాత వలయం నడుమనే దిబ్బ లేపి కోట కట్టుకుని, చుట్టూ ఉన్న కట్టను తమ వెలి రక్షణగా వాడుకున్నారు. 1092లో ప్రతిష్ఠించిన కేథడ్రల్, అంటే బిషప్ ఉండే పెద్ద చర్చి కూడా దాని లోపలే లేచింది. అంటే ఇద్దరు యజమానుల మధ్య దాదాపు 1,500 ఏళ్ల ఎడం ఉంది. 1909 నుంచి 1915 వరకు జరిగిన తవ్వకాలు ఎక్కువగా కోట, చర్చి రాతి పునాదుల చుట్టూనే తిరిగాయి. 2014లో మీ విశ్వవిద్యాలయం వారు పరికరాలతో చేసిన సర్వే, పార ముట్టకుండానే, వెలి ఆవరణలో పూడిపోయిన మధ్యయుగపు ఇళ్ల జాడను చూపించింది. ముందు దాన్ని క్షుణ్ణంగా చదువు.

కట్ట దగ్గర చిక్కు ఏమిటంటే, రెండోసారి దాన్ని పెంచేవాళ్లు మన్నును ఎక్కడి నుంచో తేరు, పూడిన కందకాన్నే మళ్లీ తవ్వి పైకి విసురుతారు. కందకంలో పైన ఉన్న పూడిక ముందుగా వచ్చి కట్ట మీద అడుగున పడుతుంది, లోతులోని తెల్లటి సుద్ద చివరికి వచ్చి పైన కూర్చుంటుంది. ఆ పూడికతో పాటు వచ్చిన, నడుమ కాలపు రోమన్ కుండపెంకులు నార్మన్ల కట్టలో దొరకవచ్చు. వాటిని చూసి కట్ట రోమన్ల కాలానిదని ఎవరైనా అంటే తల ఊపవద్దు. అతి కొత్త పెంకు కంటే కట్ట ముందుది కాదని మాత్రమే అవి చెబుతాయి, ఎంత తరవాతదో చెప్పవు.

మా కాలంలో ఒక మట్టికోట దగ్గర జరిగినది నీకు చెప్పాలి. తవ్వకం నడిపించిన అధికారి త్వరగా అడుగు చూడాలన్న ఆత్రంలో ట్రెంచిని, అంటే తవ్వకపు గోతిని సన్నగా, నిటారుగా దింపించాడు. తీసిన మన్నును దూరం మోయిస్తే కూలి ఖర్చు పెరుగుతుందని అంచునే పోయించాడు. మనిషి ఎత్తు దాటాక, పక్కగోడ మీద నీళ్లు చిలకరించి తాపీతో గీరితే, బొటనవేలి మందాన నల్లటి చార తేలింది. దాని కిందే చిన్న చిన్న రాళ్లు ఒక వరుసగా ఉన్నాయి. వానపాములు మెత్తని మట్టిని ఏళ్ల తరబడి పైకి తెస్తుంటే అడుగుకు దిగిపోయిన రాళ్లవి. అంటే మొదటి కట్ట మీద గడ్డి మొలిచి, చాలాకాలం ఎవరూ ముట్టకుండా పడి ఉన్నాక, రెండోసారి దాని మీద మన్ను పోశారన్నమాట. పొద్దు వాలిందని, ఆ గోడ బొమ్మ గీయడం మర్నాటికి వాయిదా వేశారు. రాత్రి జల్లు పడింది. తెల్లవారి ఒక కూలీ దిగి నీళ్లు తోడుతుండగా, అంచున ఉన్న మన్ను బరువుకు గోడ జారి అతణ్ని నడుము దాకా కప్పేసింది. పార వేస్తే కాళ్లకు తగులుతుందని చేతులతోనే తీశాం. కాలు విరిగింది కానీ ప్రాణం దక్కింది. ఆ చార మాత్రం మట్టిలో కలిసిపోయింది, నివేదికలో ఆ కట్ట ఒకే కాలానిదని అచ్చయింది.

కాబట్టి లోతుకు దిగేముందు పక్కలకు ఊతం కట్టారా, మెట్లుగా కోశారా, తీసిన మన్ను ఎంత దూరాన పోశారు అని అడుగు. అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. విస్తరి ముందు మొహమాటపడితే ఒక పూట పస్తు, అక్కడ మొహమాటపడితే ఏమవుతుందో నేను రాయను. కనిపించిన పొరను కనిపించిన రోజే గీయి, చీకటి పడుతుంటే దీపం పెట్టించుకుని గీయి.

నల్లచార దొరికితే అందులోని మట్టిని సంచిలో విడిగా తీయించు. సుద్దనేలలో నత్తగుల్లలు చెడకుండా నిలుస్తాయి. ఏ రకం నత్తలో చూసి, కట్ట పెంచేనాటికి అక్కడ పచ్చిక ఉందో చెట్ల నీడ ఉందో నిపుణులు చెప్పగలరు. బొగ్గుముక్క మీద తేదీ తీయిస్తే, ఆ కట్టె అప్పటికే ఎంత పాతదో ఆలోచించు. ఒక సెలవురోజున అదే విల్ట్‌షైర్‌లోని ఓవర్టన్ డౌన్ కట్టకు సంబంధించిన పరిశోధన చదువు. కట్టలూ కందకాలూ కాలంతో ఎలా మారతాయో చూడడానికి 1960లో దాన్ని పనిగట్టుకుని వేసి, ఏళ్ల లెక్కన కోసి చూస్తూ వచ్చారు. కందకం మొదటి ఏళ్లలోనే ఎంత వేగంగా పూడుతుందో, కట్ట కింద పడిన పచ్చిక ఎంత పలచగా అణిగిపోతుందో తెలిశాక, నీ ట్రెంచిలో సన్నటి చారను చూసి ఇది కొద్దికాలపు విరామమేనని తేల్చేయవు.

పక్కగోడ పొరలను చూపే నీ మొదటి సెక్షన్ బొమ్మ నాకు పంపు, తప్పులుంటే ఎర్రసిరాతోనే దిద్దుతాను. జారిన గోడ సంగతి మీ అమ్మకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

మీ పెదనాన్న