షికాగో విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్‌ను ఎందుకు వదులుకుంది?

ప్రశ్న: అమెరికాలో కళాశాల ఫుట్‌బాల్ (బంతిని చేత పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్) ఆటగాళ్లకు ఇచ్చే హైస్మన్ ట్రోఫీని మొట్టమొదట గెలుచుకున్న విద్యార్థి షికాగో విశ్వవిద్యాలయం వాడేననీ, ఆ తర్వాత నాలుగేళ్లకే ఆ విశ్వవిద్యాలయం తన జట్టును రద్దు చేసిందనీ చదివాను. నిజమేనా? వరుస ఓటములే అందుకు కారణమా?
– ఒక పాఠకుడు

జవాబు: నిజమే. 1935లో ఆ ట్రోఫీ జే బెర్వాంగర్‌కు దక్కింది. 1939 డిసెంబరులో జట్టు రద్దయింది. అయితే ఓటములు అందుకు సందర్భాన్ని కల్పించాయే తప్ప, అసలు కారణం అవి కావు.

1892లో తరగతులు మొదలైనప్పుడే తొలి అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, ఏమస్ అలోంజో స్టాగ్‌కు అధ్యాపక హోదా ఇచ్చి మరీ శిక్షకుడిగా నియమించాడు. కొత్త సంస్థ పేరు దేశమంతటా వినిపించడానికి ఆట తోడ్పడుతుందని ఆయన నమ్మాడు. స్టాగ్ 41 సీజన్ల పాటు జట్టును నడిపి, ఇప్పుడు బిగ్ టెన్ అని పిలిచే కూటమిలో ఏడుసార్లు విజేతగా నిలిపాడు. వాటిలో 1905 నాటి విజయాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అప్పటికి 56 ఆటలుగా ఓటమి ఎరుగని మిషిగన్ జట్టు, ఆ ఏడాది 495 పాయింట్లు సాధించి, ప్రత్యర్థులకు ఒక్కటీ ఇవ్వకుండా షికాగోకు వచ్చింది. షికాగో తన్నిన బంతిని తన జట్టు గోల్ గీత వెనుక అందుకుని ముందుకు ఉరకబోయిన మిషిగన్ ఆటగాడిని షికాగో వాళ్లు అడ్డుకుని గీత వెనక్కి నెట్టి పడగొట్టారు. అలా పడగొట్టినందుకు నిబంధనల ప్రకారం షికాగోకు వచ్చిన రెండు పాయింట్లే ఆ రోజు మొత్తం స్కోరు: 2–0.

1929లో అధ్యక్షుడైన రాబర్ట్ మేనార్డ్ హచిన్స్ దృష్టి వేరు. విశ్వవిద్యాలయం ఉన్నది చదువుకూ పరిశోధనకూ అని ఆయన నమ్మాడు. డెబ్బై ఏళ్లు నిండిన స్టాగ్‌ను 1932 సీజన్‌తో సాగనంపారు. బెర్వాంగర్ ఎంత గొప్పగా ఆడినా, 1935లో జట్టు గెలిచినవి నాలుగు ఆటలు, ఓడినవీ నాలుగే. 1939లో మిషిగన్ చేతిలో 85–0తో, హార్వర్డ్, ఒహాయో స్టేట్ చేతుల్లో 61–0తో చిత్తయింది. మళ్లీ గెలవాలంటే ఆట కోసమే విద్యార్థులను చేర్చుకుని, వారి కోసం ప్రవేశ ప్రమాణాలను సడలించక తప్పదు. హచిన్స్ అందుకు ఒప్పుకోలేదు. పూర్వ విద్యార్థుల ఆగ్రహానికి వెరవకుండా తీసుకున్న ఆ నిర్ణయం నా దృష్టిలో ఎంతో నిజాయితీగలది. ఆటగాళ్లను పోషిస్తూనే ఆట కూడా చదువులో భాగమని చెప్పుకోవడం కంటే అదే మేలు.

ఖాళీ అయిన స్టాగ్ మైదానంలోని పడమటి ప్రేక్షకుల గ్యాలరీ కిందనే, 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మీ బృందం తొలిసారి నియంత్రిత అణు గొలుసు చర్యను సాధించింది. విశ్వవిద్యాలయం 1946లో బిగ్ టెన్ నుంచి వైదొలగింది. జట్టు మాత్రం 1969లో తిరిగి వచ్చి, ప్రస్తుతం క్రీడా ఉపకార వేతనాలు ఇవ్వని మూడో డివిజన్‌లో ఆడుతోంది.