కయాక్ రోల్ భుజంతో కాదు, నడుముతో

ఏళ్ల తరబడి వాలీబాల్ ఆడినా, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) బోల్తా పడితే రోల్ చేసి, అంటే అందులో కూర్చునే పడవను తిప్పి, లేవలేకపోతున్నానని, భుజం నొప్పి పుడుతోందని రాశారు. నాకైతే మీ భుజబలమే అడ్డొస్తోందనిపిస్తోంది. ముందు తుంటిని విదిలించి పడవను నిలబెట్టాలి, తల అన్నిటికంటే ఆఖరున నీళ్లలోంచి రావాలి. ఊపిరి కోసం తల ముందే ఎత్తేస్తే పడవ మళ్లీ తిరగబడుతుంది.

స్మాష్ కొట్టినట్టు చెయ్యి తలపైకి, వెనక్కి చాచే అలవాటు వెంటనే మానండి. భుజం కీలు జారేది చాలావరకు అలాగే! మోచేతులు కిందికి, ఒంటికి దగ్గరగా ఉంచండి. నొప్పిని మాత్రం డాక్టర్‌కు చూపించాకే మళ్లీ తెడ్డు పట్టండి.

తర్వాత నిలకడ నీటిలో, పక్కన తెలిసినవాళ్లు ఉండగా, స్కర్ట్ (పడవలోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ కప్పే గుడ్డ) లూప్ లాగి, బోల్తాపడ్డ పడవలోంచి బయటపడటం సాధన చేయండి. అది వస్తే సగం టెన్షన్ పోతుంది. రోల్ కుదిరేదాకా క్లాస్ 2 (తేలికపాటి నది ఉరవడి స్థాయి) దాటొద్దు.