మోకాలి రిపోర్టులోని మాటలు: వాతం, నరం, గుజ్జు

రాయగడ నుంచి మీరు అడిగిన ప్రశ్న ఇది: అరవై దాటిన మీ అమ్మగారి మోకాలి ఎక్స్-రే రిపోర్టులో ‘జాయింట్ స్పేస్ తగ్గింది’, ‘ఆస్టియోఫైట్స్’, ‘గ్రేడ్ 3 ఆస్టియో ఆర్థరైటిస్’ అనీ, నడుము ఎమ్మారైలో ‘లంబార్ స్పాండిలోసిస్’, ‘ఎల్4–ఎల్5 డిస్క్ బల్జ్’ అనీ రాశారు, ఇదంతా మనవాళ్లు అనే కీళ్లవాతమేనా, ఆపరేషన్ తప్పదా? నేను వైద్యుణ్ణి కాను. పర్లాకిమిడిలో ఉంటూ, ఇవే మాటలున్న కాగితాలు పట్టుకుని మా అమ్మను ఇటు బరంపురం, అటు శ్రీకాకుళం, విశాఖపట్నం తిప్పినవాణ్ణి మాత్రమే. ఆ తిరుగుడులో నేర్చుకున్నది రాస్తున్నాను.

మొదట మా ఇంట్లో జరిగిన పొరపాటు చెప్పాలి. ఒడియాలో మోకాలిని ‘ఆంఠు’ అంటారు, నడుమును ‘అంటా’ అంటారు. మా అమ్మకు తెలుగు తప్ప రాదు కాబట్టి ఆమె తరఫున నేనే మాట్లాడాను; మోకాలి నొప్పి అనబోయి ‘అంటా బింధా’ అన్నాను. చీటీలో నడుము ఎక్స్-రే అని రాశారు, తీశారు, అందులో ‘స్పాండిలోసిస్’ అని తేలింది. మోకాలి సంగతి అలాగే ఉండిపోయింది. వెన్నుపూస జబ్బు బయటపడిందని నెల రోజులు ఇంటిల్లిపాదీ బెంగపడ్డాం. అరవై దాటినవారిలో ఎవరి నడుమును ఎక్స్-రే తీసినా దాదాపుగా ఆ మాట కనబడుతుందని తరువాత ఇంకొక వైద్యుడు చెప్పేదాకా మాకు తెలియదు. తప్పు పూర్తిగా నాదే. అప్పటినుంచి ఏ భాషలో మాట్లాడినా నొప్పి ఉన్న చోట అమ్మ చేతనే వేలు పెట్టించి చూపిస్తున్నాను.

భాష మారడం ఒక్కటే చిక్కు కాదు, మన తెలుగు మాటలూ తక్కువ చిక్కు పెట్టవు. ‘నరం లాగుతోంది’ అంటాం. మన వాడుకలో ఆ ఒక్క మాటలోనే స్పర్శను మోసే నరమూ, రక్తం మోసే సిరా, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండానూ, ఎముకను ఎముకకు కట్టే లిగమెంటూ ఇమిడిపోతాయి. బెణుకు అన్నా అంతే. లిగమెంటు సాగితే వైద్యులు ‘స్ప్రెయిన్’ అని, కండరం గాని టెండాన్ గాని సాగితే ‘స్ట్రెయిన్’ అని వేరువేరుగా రాస్తారు. మనకు రెండూ బెణుకులే.

వాతం విషయంలో ఈ కలగాపులగం ప్రమాదకరం కూడా. ఒడియావారి ‘గంఠి బాత’, మన ‘కీళ్లవాతం’ రెండూ కనీసం మూడు వేరువేరు జబ్బులను ఒకే పేరుతో పిలుస్తాయి. మీ అమ్మగారి రిపోర్టులో ఉన్న ఆస్టియో ఆర్థరైటిస్ కీళ్ల అరుగుదల. నడిస్తే, మెట్లెక్కితే నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది, పొద్దున లేవగానే ఉండే బిగుతు సాధారణంగా అరగంటలోపే సడలుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అలా కాదు. శరీరపు రక్షణ వ్యవస్థే తన కీళ్ల పొరపై దాడి చేయడం వల్ల వచ్చే ఆ జబ్బులో రెండు చేతుల వేళ్ల కణుపులూ, మణికట్లూ వాచి, ఉదయపు బిగుతు గంటకు పైగా ఉండవచ్చు. పత్రికల్లో వైద్యులు కీళ్లవాతం అని రాసేది ఎక్కువగా దీనినే. మూడవది గౌట్: రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, దాని స్ఫటికాలు కీలులో చేరి, తరచుగా కాలి బొటనవేలి మొదట్లో, రాత్రికి రాత్రే ముట్టుకోనీయనంత నొప్పి పుడుతుంది. ఈ మూడింటి మందులు వేరు. రుమటాయిడ్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవలసినది, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల పక్కింటివారి వాతం మాత్రలు తెచ్చి వాడడం ఎంతమాత్రమూ తగదు.

ఇక మోకాలి రిపోర్టు. మన వైద్యులు గుజ్జు అనేది పాఠ్యపుస్తకాల మృదులాస్థి, అంటే ఎముకల చివరల మీద ఉండే నున్నని పొర. అది ఎక్స్-రేలో కనబడదు, రెండు ఎముకల నడుమ ఖాళీగా మాత్రమే తోస్తుంది. కాబట్టి ‘జాయింట్ స్పేస్ తగ్గింది’ అంటే గుజ్జు అరిగిందని అర్థం. ఆస్టియోఫైట్ అంటే అలా అరిగిన కీలు అంచున కొత్తగా పెరిగిన ఎముక మొన. మొన అనగానే అది లోపల గుచ్చుకుంటోందని మా అమ్మ చాలాకాలం నమ్మింది; అది అరుగుదలకు గుర్తేగాని నొప్పి అంతటికీ అదే కారణం కాదు. గ్రేడ్ అన్నది కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు 1957లో ప్రకటించిన కొలమానం. అది 0 నుంచి 4 దాకా ఉంటుంది, 3 అంటే ఖాళీ స్పష్టంగా తగ్గి, మొనలు అనేకం కనబడుతున్నాయని. క్యాన్సర్ దశల లెక్కతో దీనిని పోల్చుకుని భయపడనక్కరలేదు. ఆపరేషన్ నిర్ణయించేది ఈ అంకె కాదు. బరువు తగ్గడం, తొడ ముందరి కండరానికి వ్యాయామం, నొప్పి మందులు, కింద కూర్చోవడం మానడం ఇవన్నీ చేశాక కూడా నొప్పి నిద్ర పట్టనీయక, నాలుగు అడుగులు వేయనీయకుండా ఉంటే అప్పుడు మోకాలి కీలునే మార్చివేసే ‘టోటల్ నీ రీప్లేస్‌మెంట్’ మాట వస్తుంది. మా అమ్మదీ గ్రేడ్ 3. బావి గట్టు దగ్గర పీటకు బదులు కుర్చీ వేసి, రోజూ కూర్చుని కాలు చాచి ఎత్తే వ్యాయామం చేయిస్తున్నాం, ఇప్పటిదాకా ఆపరేషన్ లేకుండానే నెట్టుకొస్తోంది. అందరికీ అలాగే అవుతుందని నేను హామీ ఇవ్వలేను.

ఒక ముఖ్యమైన పక్కమాట. తుంటి కీలు చెడినా నొప్పి మోకాలిలో తెలియవచ్చు. ఒడిశాలోని మన వైపు జిల్లాల్లో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు ఎక్కువ; ఆ జబ్బులో తొడ ఎముక తలకు రక్తం అందక అది కుంగిపోయే ‘అవాస్కులర్ నెక్రోసిస్’ పడుచు వయసులోనే రావచ్చు. ఇంట్లో యువకులు ఎవరైనా తుంటినో మోకాలినో పట్టుకుని కుంటుతుంటే దానిని వాతం అని వదిలేయకండి.

చికిత్స మాటల్లో నన్ను బాగా బోల్తా కొట్టించినది ‘రిడక్షన్’. మా నాన్న జారి అరచెయ్యి నేలకు ఆన్చి పడినప్పుడు మణికట్టు దగ్గర ఎముక విరిగింది. కాగితంలో ‘క్లోజ్డ్ రిడక్షన్’ అని ఉంటే వాపు తగ్గించారని అనుకున్నాను. పక్కకు జరిగిన ఎముకను చర్మం కోయకుండా లాగి యథాస్థానంలో కూర్చోబెట్టడం అని దాని అర్థమట. కోసి కూర్చోబెడితే ‘ఓపెన్’, ఆపై ప్లేటో రాడ్డో వేసి బిగిస్తే ‘ఇంటర్నల్ ఫిక్సేషన్’. క్రాక్ అంటే చిన్నది, ఫ్రాక్చర్ అంటే పెద్దది అనుకోవడం కూడా మన అపోహే. చీలినా విరిగినా వైద్యానికి అది ఫ్రాక్చరే.

నడుము సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అందులో ఒక హెచ్చరిక ఉంది. మాట చివర ‘ఐటిస్’ ఉంటే మంటతో కూడిన వాపు అనీ, ‘ఓసిస్’ ఉంటే ఎక్కువగా అరుగుదల వంటి మార్పు అనీ గుర్తు పెట్టుకోవచ్చు. ఆస్టియో ఆర్థరైటిస్ ఆ నియమానికి లొంగదు, కానీ వెన్ను మాటలకు బాగానే పనికివస్తుంది. మనవాళ్లు మెడ నొప్పిని కూడా స్పాండిలైటిస్ అంటారు, చాలాసార్లు అది స్పాండిలోసిసే. ఎల్ అంటే లంబార్, నడుములోని ఐదు పూసల వరుస. నాలుగు, అయిదు పూసల మధ్య ఉండే మెత్త, అంటే డిస్క్, కొంచెం ఉబ్బిందని మీ రిపోర్టు చెబుతోంది. నొప్పే లేనివారి ఎమ్మారైలలోనూ ఈ ఉబ్బు తరచుగా కనబడుతుంది. అయితే కాలు పట్టు తప్పడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోవడం వీటిలో ఏది మొదలైనా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే అమ్మగారిని పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.