పందుల వైరస్‌ల మీద పీజీ చేస్తానంటున్న డాక్టరమ్మ, వాళ్ళమ్మగారికి నా జవాబు

ప్రశ్న: "సార్, మాది వనస్థలిపురం. మా అమ్మాయి రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో బీవీఎస్సీ, ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉంది. పీజీలో మైక్రోబయాలజీ తీసుకుని ఆవుల వైరస్‌లు ఫారం పందులకి ఎట్లా అంటుకుంటాయో దాని మీద పని చేస్తా అంటోంది. మేమేమో పెట్ క్లినిక్ పెట్టిస్తాం అంటున్నాం, సిటీలో కుక్కలకి పిల్లులకి డిమాండ్ ఉంది కదా. పందుల డాక్టరా అని చుట్టాలు నవ్వుతున్నారు. అసలు ఆవు జబ్బు పందికి వస్తుందా, వచ్చినా దాని మీద జాబులుంటాయా? తనకి మీరైనా కొంచెం చెప్పండి."

నమస్తే అమ్మా. తనకి చెప్పమని రాశారు గానీ నాకైతే అమ్మాయికి చెప్పాల్సింది తక్కువ, మీకు చెప్పాల్సిందే ఎక్కువ కనిపిస్తోంది. కొంచెం పెద్ద జవాబే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మీ డౌట్ తీర్చేస్తా. ఆవు జబ్బు పందికి వస్తుందా అంటే కొన్ని వస్తాయి, కొన్ని అస్సలు రావు. 2022లో పశువులకి ఒళ్ళంతా గడ్డలు లేచిన లంపీ స్కిన్ గుర్తుంది కదా, టీవీల్లో అదే పనిగా చూపించారు, అది పందులకి రాదు. అదే గాలికుంటు తీసుకోండి, పల్లెల్లో అందరికీ తెలిసిన జబ్బు, నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు, చొంగ కారడం, పాలు తగ్గిపోవడం, అది ఆవు గేదె గొర్రె మేక పంది అని చూడదు, గిట్ట చీలిన వాటన్నిటికీ వస్తుంది. పైగా పందికి వస్తే చుట్టుపక్కల వాళ్ళకి ఇంకా డేంజర్, ఎందుకంటే పంది ఊపిరితో బయటికి వదిలే వైరస్ ఆవు వదిలేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఆవేమో గాలిలో కొంచెం ఉన్నా పీల్చుకుని జబ్బు తెచ్చుకుంటుంది. 2001లో బ్రిటన్‌ని ఊపేసిన గాలికుంటు, హోటల్ ఎంగిలిని సరిగ్గా ఉడికించకుండా పందులకి పెట్టిన ఒక ఫారంలోనే మొదలైందని తేల్చారు, చివరికి 60 లక్షలకి పైగా పశువుల్ని చంపాల్సి వచ్చింది. మన హైదరాబాద్ చుట్టూ కూడా హోటళ్ళ మిగులు డ్రమ్ముల్లో ఎక్కించుకెళ్ళి పందులకి పోస్తారు, మీరూ ఎప్పుడో ఒకప్పుడు రోడ్డు మీద ఆ బండి వెనకాల ముక్కు మూసుకునే ఉంటారు.

దీంట్లో ఇంకో వింత ఉంది, 1997లో తైవాన్‌లో వచ్చిన గాలికుంటు స్ట్రెయిన్ పందుల్ని మాత్రమే పట్టింది, పక్కనే ఉన్న ఆవుల జోలికి పోలేదు, దాదాపు 40 లక్షల పందులు పోయాయి. అదే జబ్బు, అదే వైరస్ జాతి, జీన్‌లో చిన్న ముక్క ఎగిరిపోయేసరికి ఇష్టమైన జంతువే మారిపోయింది. దీనికి ఉల్టాగా ఇంకోటి, 2011లో అమెరికాలో ఓక్లహోమాలో జలుబు దగ్గు ఉన్న ఒక పందిలో కొత్త ఫ్లూ వైరస్ దొరికింది, సరే పందులదే అనుకున్నారు, తర్వాత వెతుక్కుంటూ పోతే దాని అసలు కాపురం ఆవుల్లో ఉందని తేలింది, ఇప్పుడు దాన్ని ఇన్‌ఫ్లుయెంజా డి అంటున్నారు. మీ అమ్మాయికి ఈ సబ్జెక్ట్ ఎందుకు నచ్చిందో నాకు బాగానే అర్థమవుతోంది.

ఇంక అసలు విషయానికి వస్తా, జాబ్‌కి లింకు ఉన్నది ఇక్కడే కాబట్టి ఇది కొంచెం నెమ్మదిగా చదవండి. ఆవుల్లో బీవీడీ అని ఒక వైరస్ ఉంది, బోవైన్ వైరల్ డయేరియా, పెస్టీవైరస్ అనే కుటుంబంది. చూడి ఆవుకి మొదటి నెలల్లో ఇది సోకితే పుట్టే దూడ ఆ వైరస్‌ని జీవితాంతం మోస్తూ, పైకి ఒక్కోసారి బాగానే కనిపిస్తూ, మందంతా పంచుతూ ఉంటుంది. ఆవుల పక్కన పెరిగే పందులకి, పచ్చి పాలో విరిగిన పాల నీళ్ళో తాగే పందులకి ఇది అంటుకుంటుంది. చాలాసార్లు పందికి ఏమీ కాదు, చూడి పందికి వస్తే మాత్రం పిల్లలు తగ్గడం, ఈసుకుపోవడం లాంటివి ఉంటాయి. మరి ఏమీ కానప్పుడు గొడవేంటి అంటారా? గొడవ ఏంటంటే పందుల్ని గుంపులు గుంపులుగా చంపే క్లాసికల్ స్వైన్ ఫీవర్ వైరస్ కూడా ఈ కుటుంబందే, రెండూ పెదనాన్న చిన్నాన్న పిల్లల్లాగా ఒకే పోలిక, మామూలు రక్త పరీక్షలో యాంటీబాడీలు చూస్తే ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునే ఛాన్స్ ఉంది. స్వైన్ ఫీవర్ అయితే 2009లో వచ్చిన పశువుల అంటురోగాల చట్టం కింద ప్రభుత్వానికి రిపోర్ట్ చేయాల్సిన జబ్బు, పందుల్ని కదలనివ్వరు, రైతు అమ్ముకోలేడు. ఆవు నుంచి వచ్చిన బీవీడీ అయితే కథ వేరే. ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి పీసీఆర్ చేయాలి, రెండు వైరస్‌లతోనూ న్యూట్రలైజేషన్ టెస్ట్ పెట్టి పంది రక్తం దేన్ని ఎక్కువ అడ్డుకుంటోందో పోల్చాలి, వైరస్ జీన్ల సీక్వెన్స్ చూడాలి. ఆ పని వచ్చిన మనిషి కావాలి.

ఇప్పుడు దీన్ని మీ వనస్థలిపురం నుంచి తుర్కపల్లి దాకా, అంటే వ్యాక్సిన్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ దాకా తీసుకొస్తా. వ్యాక్సిన్ తయారు చేయాలంటే ముందు కణాలు పెంచాలి, కణాలు పెరగడానికి ఆవు పిండం రక్తం నుంచి తీసిన సీరం పోస్తారు. ఆ పిండానికి బీవీడీ ఉంటే సీరంలో వైరస్ ఉంటుంది, చాలా రకాలు కణాల్ని చంపవు కూడా, మైక్రోస్కోప్ కింద అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, వైరస్ మాత్రం లోపల హాయిగా ఉంటుంది. 1980ల్లో యూరప్‌లో స్వైన్ ఫీవర్ టీకాలోనే ఇట్లా బీవీడీ కలిసిపోయి, టీకా వేసిన పందుల పిల్లలకి జబ్బు చేసింది, అంటే ఆవు వైరస్‌ని మనుషులే సూదితో పందికి ఎక్కించారు. తర్వాత 2010లో పిల్లలకి వేసే ఒక రోటావైరస్ వ్యాక్సిన్‌లో పంది సర్కోవైరస్ తాలూకు డీఎన్ఏ బయటపడింది, పిల్లలకి హాని ఏమీ లేదని తేల్చారు గానీ అమెరికాలో కొన్ని వారాలు ఆ వ్యాక్సిన్ వాడకం ఆపారు. కణ కల్చర్‌లో పంది క్లోమం నుంచి తీసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ వాడతారు, అట్లాంటి దారుల్లో ఇవి దూరుతాయి. అందుకే ఇప్పుడు పశువుల వ్యాక్సిన్ అయినా మనుషుల వ్యాక్సిన్ అయినా ఆవు నుంచి పంది నుంచి వచ్చే ముడిసరుకు వాడేచోట పరాయి వైరస్‌లు లేవని టెస్ట్ చేసి కాగితం మీద చూపించాలి. జీనోమ్ వ్యాలీలో క్వాలిటీ కంట్రోల్ వాళ్ళు చేసే పనుల్లో ఇదొకటి.

మీ చుట్టాలు ఏ సబ్జెక్ట్ పేరు విని నవ్వుతున్నారో అదే సబ్జెక్ట్ మన సిటీలో వ్యాక్సిన్ ఇండస్ట్రీకి రోజువారీ పని అమ్మా. అమ్మాయి నేర్చుకునేది పంది గురించి కాదు, ఒక జంతువు వైరస్ ఇంకోదాంట్లో దొరికితే అది ఏదో, ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడం.

ఎక్కడెక్కడ అని అడుగుతారు కాబట్టి చెప్తా. గచ్చిబౌలిలో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఉంది, జాతీయ పాడి అభివృద్ధి బోర్డు (ఎన్డీడీబీ) 1982లో పెట్టింది, గాలికుంటు టీకాలో ప్రపంచంలోనే పెద్ద తయారీదారుల్లో ఒకటి, జీనోమ్ వ్యాలీలో 700 కోట్లతో ఇంకో పశువుల టీకా ప్లాంట్ పెడతామని 2022లో ప్రకటించారు. కేంద్రం 2019లో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ కంట్రోల్‌కి ఐదేళ్ళకి 13,343 కోట్ల ప్రోగ్రాం మొదలుపెట్టింది, అందులో ఆవులు గేదెలతో పాటు పందులకి కూడా గాలికుంటు టీకా వేయాలని పెట్టారు, టీకాలకి పెద్ద ఆర్డర్లు ఇట్లాంటి ప్రభుత్వ ప్రోగ్రాంల నుంచే వస్తాయి. గౌలిదొడ్డి దగ్గర నయాబ్, అంటే జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థ ఉంది, 2021లో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 27 సంస్థలతో వన్ హెల్త్ కన్సార్షియం పెట్టినప్పుడు దానికి లీడ్ ఈ సంస్థే, మనుషులకి పశువులకి మధ్య తిరిగే రోగాల మీద నిఘా పెట్టడమే ఆ కన్సార్షియం పని, నయాబ్‌లో పీహెచ్‌డీ చేయొచ్చు. శాంతినగర్‌లో రాష్ట్ర ప్రభుత్వ వెటర్నరీ బయలాజికల్స్ సంస్థ ఉంది. చెంగిచర్లలో మాంస పరిశోధన సంస్థ ఉంది, అది మీకు దగ్గరే. ఇన్ని ఒకే ఊళ్ళో ఉండడం మామూలు విషయం కాదు, వేరే రాష్ట్రాల పిల్లలు ఇక్కడికొచ్చి హాస్టళ్ళలో ఉంటున్నారు.

డబ్బుల సంగతి. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000, పైన హెచ్ఆర్ఏ. ఐసీఏఆర్, అంటే కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలిలో సైంటిస్ట్‌గా, దాని నియామక బోర్డు ఏఎస్ఆర్బీ పెట్టే పరీక్షతో ఎంటర్ అయితే బేసిక్ 57,700తో మొదలు. ఇంకా ముందే స్థిరపడాలంటే వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టు, 2022 నోటిఫికేషన్‌లో స్కేలు 54,220 నుంచి, కానీ ఆ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో, వచ్చాక కోర్టుల్లో ఎన్నాళ్ళుంటుందో దేవుడికే తెలియాలి, దాన్ని నమ్ముకుని ఊరికే ఇంట్లో కూర్చోబెట్టకండి. పెట్ క్లినిక్ చెడ్డదని నేను అనను, బాగా నడిచే వాళ్ళు నాకు తెలుసు, కానీ ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, అద్దె, అడ్వాన్స్ అన్నీ మీ జేబులోంచే, అర్ధరాత్రి కుక్క పార్వో వాంతులతో వస్తే లేచి వెళ్ళాలి, ఆ ఇష్టం ఉన్నవాళ్ళకే అది. ఇష్టం లేని పిల్ల చేత క్లినిక్ పెట్టిస్తే రెండేళ్ళలో బోర్డు తీసేస్తారు. నేనైతే మీ డబ్బు అటు పెట్టొద్దంటాను.

అయితే ఒక్క విషయంలో మీ భయం కరెక్టే. పంది మీద మాత్రమే బతుకుదాం అనుకుంటే మన దేశంలో దారి ఇరుకు. 2019 పశుగణనలో దేశం మొత్తం పందులు 90 లక్షలు, 2012తో పోలిస్తే 12 శాతం తగ్గాయి, అస్సాంలోనే 21 లక్షలు. పందుల జాతీయ పరిశోధన కేంద్రం గువాహటి దగ్గర రాణిలో ఉంది, ప్రమాదకరమైన పశురోగాల హై సెక్యూరిటీ ల్యాబ్ భోపాల్‌లో, గాలికుంటు సంస్థ భువనేశ్వర్ దగ్గర అరుగుల్‌లో, జాతీయ పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్ఐ బరేలీలో. 2020లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ (పైన చెప్పిన క్లాసికల్ కాదు, వేరే వైరస్) దేశంలోకి మొదట వచ్చిందీ అస్సాం, అరుణాచల్ వైపే. అంటే ఆడపిల్లని ఊరు దాటి పంపడానికి మీరు రెడీగా ఉండాలి. అది కుదరదు అంటే ముందే చెప్పేయండి, అప్పుడు తను రాజేంద్రనగర్‌లోనే పీజీ చేసి వ్యాక్సిన్ కంపెనీ వైపు ప్లాన్ చేసుకుంటుంది, సగంలో లాగకండి.

ఇంటికి రోగాలు తెస్తుందేమో అని కూడా మీ మనసులో ఉండి ఉంటుంది, అడగలేదు గానీ. బీవీడీ మనిషికి జబ్బు చేయదు, గాలికుంటు మనిషికి రావడం చాలా అరుదు. ఫ్లూ రకాల విషయంలో జాగ్రత్త కావాలి, ల్యాబ్‌లో వాటికి పద్ధతులుంటాయి, నేర్పిస్తారు. ఫారానికి వెళ్ళిన బూట్లు ఇంట్లోకి తేకూడదు, ఆ రోజు ఇంకో ఫారం గడప తొక్కకూడదు, అది ఇంట్లోవాళ్ళ కోసం కాదు, రెండో ఫారం పశువుల కోసం.

అమ్మాయికి నేను చెప్పేది ఇంతే. అమ్మా, ఇంటర్న్‌షిప్‌లో పందుల ఫారం పోస్టింగ్ ఉంటే తప్పించుకోకు, రక్తం తీయడం అక్కడే వస్తుంది, ముక్కుకి తాడేసి పట్టుకున్న పంది అరుపు ఒక్కసారి దగ్గర్నుంచి విన్నాక కూడా ఇష్టం మిగిలితే అప్పుడు నమ్ముతా. కాలేజీ మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంట్‌లో అడిగి సెల్ కల్చర్ చూడు, వారం పదిరోజులు రోజూ ఫ్లాస్కులు చూస్తూ పైపెట్ పట్టుకుని ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయగలవో లేదో తెలుస్తుంది, అది విసుగనిపిస్తే ఎపిడెమియాలజీ, అంటే రోగాలు ఎట్లా పాకుతాయో చూసే సబ్జెక్ట్ వైపు పో, పబ్లిక్ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో అదే ప్రశ్నని ఫారంలో నిలబడి అడగొచ్చు. సీటు కోసం పంది అనే పేరున్న థీసిస్ వెతకకు, పెస్టీవైరస్ పని నడిచే గైడ్ ఎవరో వెతుకు, ఆవు శాంపిల్ ఇచ్చినా చేతికొచ్చే పని అదే. ఐసీఏఆర్ పీజీ ఎంట్రన్స్‌కి డిగ్రీ, ఇంటర్న్‌షిప్ ఫలానా తేదీలోపు పూర్తయి ఉండాలని రూలు పెడతారు, మీ బ్యాచ్ డేట్ దానికి కలుస్తుందో లేదో ఈ వారమే అకడమిక్ సెక్షన్‌లో కనుక్కో, కలవకపోతే యూనివర్సిటీ సొంత పీజీ నోటిఫికేషన్‌కి కూడా అప్లికేషన్ రెడీ పెట్టుకో.